కాగితం కింద వెంట్రుక

పోయిన వారం మనం పెద్ద సిస్టర్‌ని వడ్రంగి ఇంటి గడప మీద ఒక కాలు, వీధిలో ఒక కాలు పెట్టించి వదిలేసి వచ్చాం. పాపం, ఏడు రోజులుగా ఆవిడ అలాగే నిలబడి ఉంది. ఇక లోపలికి రానిద్దాం.

రానిచ్చే ముందు, కథ మధ్యలో చేరినవాళ్ళ కోసం నాలుగు మాటలు. ఆ ఇంటి కోడలు ఆసుపత్రిలో ఆవిరి పెట్టె దగ్గర పనిచేస్తుంది. కాన్పు గదిలో వాడిన కత్తెర్లు, పటకార్లు, గుడ్డలు కడిగి, మూటలు కట్టి, ఆ పెట్టెలో ఆవిరి పట్టించి మళ్ళీ పంపడం ఆమె పని. ఆరేళ్ళుగా అదే. అందుకే అక్కడ అందరూ ఆమెని ఆవిరిపిల్ల అంటారు. ఆమె అత్త మంత్రసాని. హస్తవాసి అంటే ఆవిడదే అని చుట్టుపక్కల నాలుగు వీధులూ ఒప్పుకుంటాయి. నెలలు నిండి సెలవు చీటీ ఇచ్చిన రోజున ఆవిరిపిల్ల ఆసుపత్రి వరండాలో నిలబడి, అందరి ముందూ ఒక మాట అంది. "ఇక్కడున్న ప్రతి కత్తెర మొహమూ నాకు తెలుసు. ఒక్కటి కూడా నా ఒంటికి తగలదు. నా కాన్పు నా ఇంట్లో, మా అత్తయ్య చేతిలో."

ఆ మాట కాన్పు గదిని ఏలే పెద్ద సిస్టర్ చెవిన పడింది. సెలవు పెట్టి, సంచి భుజాన వేసుకుని, మిట్టమధ్యాహ్నం ఎండలో వచ్చింది.

"కూర్చోండి సిస్టరమ్మా. టీ పెట్టనా?" అంది కోడలు, నడుం మీద చెయ్యి వేసుకుని.

"టీ తాగడానికి రాలేదు."

"తాగితే మాట మెత్తబడుతుందని భయమా?" అన్నాడు ఆమె మొగుడు వడ్రంగి. ముందుగదిలో రెండు బల్లల మీద ఎవరిదో కొత్త తలుపు పడుకోబెట్టి చిత్రిక పడుతున్నాడు. అతని మాటల్లో సగం చెక్కపొట్టుతో పాటే నేల మీద పడిపోతాయి, ఎవరూ ఏరుకోరు.

"ఎవరొచ్చారే?" అని పక్కింటి గోడ మీంచి ఒక గొంతు. ఆవిడ గోడపిన్ని. గోడకి అటువైపు పీట వేసుకుని నిలబడితే ఆవిడకి ఇటువైపు ప్రపంచమంతా కనిపిస్తుంది.

"ఎవరూ రాలేదు పిన్నీ, గాలి," అన్నాడు వడ్రంగి.

"గాలికి తెల్ల బట్టలు ఎప్పుడు కుట్టించారు?" అంది పిన్ని.

పెద్ద సిస్టర్ నవ్వలేదు. నేరుగా వెనకగదిలోకి వెళ్ళి చూసింది. గోడలకి కొత్త సున్నం. మంచం కాళ్ళ కింద ఇటుకలు. కిటికీ పక్కన చిన్న బల్ల మీద గుడ్డల మూటలు వరసగా ఉన్నాయి. ఒక్కో మూట మీదా తేదీ రాసిన కాగితం ముక్క. మూటలకి వేసిన ముడి, లాగితే ఒక్క లాగులో ఊడివచ్చే ముడి. ఆవిడ ఒక మూట చేతిలోకి తీసుకుని ఆ ముడిని చాలాసేపు చూసింది.

"ఈ ముడి నేను నేర్పిందే కదా."

"మీరు నేర్పిందే," అంది కోడలు. "మంచి ముడి. మీ దగ్గర మంచివి ఏరుకున్నాను. మిగతావి అక్కడే వదిలేశాను."

మంత్రసాని ఆ గది మూల పీట మీద కూర్చుని ఉంది. చేతులు రెండూ ఒళ్ళో పెట్టుకుని, ఒకదానితో ఒకటి రుద్దుకుంటోంది, చలేసినట్టు. ఎండ మాత్రం నేల పగిలేలా ఉంది.

"చూడు," అంది పెద్ద సిస్టర్. "నువ్వు మా మనిషివి. మా మనిషే మా గుమ్మం తొక్కనంటే, బయటివాళ్ళు ఏమనుకుంటారు? రెండు నెలలుగా పరీక్షకి కూడా రాలేదు. రేపు ఏదన్నా అయితే?"

"మీ మనిషిని కాబట్టే రానంటున్నాను. బయటివాళ్ళకి ఆ కిటికీ తెలియదు."

ఆ కిటికీ సంగతి చెప్పాలి. ఆవిరిగదికీ కాన్పు గదికీ మధ్య గోడలో ఒక చిన్న కిటికీ ఉంది. మోచేతి వెడల్పు ఉంటుంది. దానికి చెక్క రెక్క. అటునుంచి వాడిన పనిముట్ల పళ్ళెం వస్తుంది, ఇటునుంచి శుభ్రం చేసింది వెళ్తుంది. పళ్ళెంతో పాటు అటువైపు మాటలు కూడా వస్తాయి. ఆరేళ్ళలో కోడలు ఒక్క కాన్పూ కంటితో చూడలేదు, కానీ కొన్ని వేల కాన్పులు విన్నది.

"మూడేళ్ళ కింద వానాకాలంలో, ఒక పంతులమ్మ," అంది కోడలు. "తెల్లారి వచ్చింది. చీకటిపడే దాకా మంచినీళ్ళు మంచినీళ్ళు అని అడుగుతూనే ఉంది. ఎవరన్నా తోడు ఉంటే బాగుండునని అడిగింది. 'కడుపు చేయించుకున్నప్పుడు మమ్మల్ని తోడు పిలిచావా' అని ఒక గొంతు. అందరూ నవ్వారు. తర్వాత తొడ మీద దెబ్బ. ఒకటి కాదు, మూడు. నేను లెక్కపెట్టాను. లెక్కపెట్టడం తప్ప ఏం చెయ్యగలను? అప్పుడెవరో 'ఆ కిటికీ ముయ్యి' అన్నారు. రెక్క మూసిన చెయ్యి నాకు కనపడింది. ఈ గడియారం ఉన్న చెయ్యే."

పెద్ద సిస్టర్ తన మణికట్టు వంక చూసుకుంది. ముందుగదిలో చిత్రిక చప్పుడు ఆగిపోయింది.

"నవ్వింది నేను కాదు," అంది ఆవిడ చివరికి. "కొట్టింది నేనే. బిడ్డ తల కిందికి దిగి ఇరుక్కుపోయింది. ఆ అమ్మాయి ఓపిక అయిపోయి ముక్కడం మానేసింది. ఆ రోజు గదిలో పదకొండు మంది. మేము ఇద్దరం. ఒక మంచం దగ్గర నిలబడి బుజ్జగిస్తే ఇంకో మంచం మీద ప్రాణం పోతుంది. నీకు వినపడింది దెబ్బ. నాకు కనపడింది బిడ్డ మొహం నల్లబడటం. ఆ బిడ్డ బతికింది. ఇవాళ వీధిలో ఆడుకుంటోంది."

"బతికింది. నేను కాదనను. ఆ పంతులమ్మకి ఇప్పుడు మళ్ళీ నెలలు నిండాయి. ఎక్కడ కంటుందో మీకు తెలుసా?"

"తెలియదు."

"మీ దగ్గరికి మాత్రం రాదు. నాతో చెప్పింది. ఎక్కడన్నా కంటాను, పొలంగట్టు మీదన్నా కంటాను, అక్కడ మాత్రం పడుకోను అంది. మీరు ఒక ప్రాణం కాపాడి, రెండో ప్రాణాన్ని బెదరగొట్టి తోలేశారు. అది కూడా మీ లెక్కలో రాసుకోండి."

మాట దొరకనివాళ్ళు చేసే పనే పెద్ద సిస్టరూ చేసింది, మూడో మనిషి వైపు తిరిగింది.

"మీరు చెప్పండి పెద్దమ్మా. మీ చేతిలో ఎంతమంది పుట్టారో నాకు తెలుసు. పుట్టనివాళ్ళు కూడా ఉంటారు, అదీ తెలుసు. మీకన్నా ఈ సంగతి ఎక్కువ తెలిసినవాళ్ళు ఈ వీధిలో లేరు. ఈ పిల్లకి మీరు పురుడు పోస్తారా?"

కోడలు గెలిచినదానిలా అత్త వైపు చూసింది. వడ్రంగి గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు. గోడపిన్ని పీట మీద మునివేళ్ళ మీద లేచింది.

"పొయ్యను," అంది మంత్రసాని.

ఎవరికీ సరిగ్గా వినపడనట్టు ఉంది. ఆవిడ మళ్ళీ అంది. "నేను పొయ్యను తల్లీ. తీసుకుపో."

కోడలి మొహంలో రక్తం లేదు. "అత్తయ్యా," అంది. "ఏమంటున్నారు? తొమ్మిది నెలలు నా వీపుకి నూనె రాసింది మీరు. ఈ సున్నం వేయించింది మీరు. సిస్టరమ్మ గడప దాటేసరికి మాట మార్చేశారా? ఆవిడ తెల్ల బట్టలకి జడిశారా?"

"బట్టలకి జడిసే వయసా నాది?" అంది అత్త. "నా చేతులకి జడిశాను."

అప్పుడు ఆవిడ ఎవరికీ ఎప్పుడూ చెప్పని సంగతి చెప్పింది. ఈ పని ఆవిడకి నేర్పింది ఆవిడ మేనత్త. ఆ మేనత్త నేర్పిన మొదటి పాఠం కాన్పు కాదు, వెంట్రుక. చెక్క మీద ఒక వెంట్రుక పెట్టి, దాని మీద కాగితం కప్పి, కళ్ళు మూసుకుని వేళ్ళతో వెతకమనేది. ఒక కాగితం కింద దొరికితే రెండు. రెండు కింద దొరికితే మూడు. వయసులో ఉండగా ఆవిడ వేళ్ళు ఏడు కాగితాల కింద వెంట్రుకని పట్టుకునేవి. కడుపు మీద చెయ్యి వేస్తే బిడ్డ చెవి ఎటు ఉందో చెప్పేది. నెలకోసారి ఆ పరీక్ష చేసుకోవాలి. ఏ రోజు ఒక్క కాగితం కింద వెంట్రుక దొరకదో, ఆ రోజు చేతులు కడుక్కుని పీట అటక మీద పెట్టెయ్యాలి. ఎవరు బతిమాలినా దించకూడదు. అది ఆ మేనత్త మాట.

"మూడు నెలలైంది," అంది మంత్రసాని. "ఒక్క కాగితం. దొరకలేదు. వేళ్ళు మొద్దుబారిపోయాయి. వేడి తెలియదు, చలి తెలియదు. పొయ్యి మీద గిన్నె ఉత్తచేత్తో దించితే నా కొడుకు 'అమ్మ చెయ్యి ఇనుము' అని నవ్వాడు. ఇనుమే నాయనా. ఇనుముకి ఏం తెలుస్తుంది?"

"అబద్ధం," అంది కోడలు. "నన్ను పంపెయ్యడానికి ఆడుతున్నారు."

ఆమెది మొండితనం. చెప్తే వినే రకం కాదు, చూస్తేనే నమ్మే రకం. తన జడలోంచి ఒక వెంట్రుక పీకింది. ముందుగదిలోకి వెళ్ళి, కొత్త తలుపు మీద, నున్నగా చిత్రిక పట్టిన చోట దాన్ని పరిచింది. వడ్రంగి కొలతలు రాసుకునే పుస్తకంలోంచి ఒక కాగితం చింపి పైన కప్పింది. అత్త చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి కాగితం మీద పెట్టింది.

"వెతకండి."

మంత్రసాని కళ్ళు మూసుకుంది. ఆ వేళ్ళు కాగితం మీద నడిచిన తీరు చూస్తే ఎవరికైనా ముచ్చటేస్తుంది. తొందర లేదు, బరువు లేదు, నీటి మీద పురుగు నడిచినట్టు. ఒక మూల నుంచి మొదలుపెట్టి ఇంకో మూలకి పోయి, వెనక్కి వచ్చి, ఒకచోట ఆగాయి.

"ఇక్కడ," అంది. ఆ గొంతులో కొంచెం ఆశ ఉంది. అదే చూడలేకపోయింది కోడలు.

కాగితం ఎత్తింది. వెంట్రుక బెత్తెడు దూరంలో ఉంది.

రెండోసారి పెట్టారు. ఇంకా దూరం పోయింది. మూడోసారి మంత్రసాని చెయ్యి అసలు కదపలేదు. "చాలమ్మా," అంది. "మీ మామగారు పోయిన రోజు కూడా ఇంత కుంగిపోలేదు నేను."

"మరి ముందే ఎందుకు చెప్పలేదు అత్తయ్యా?"

"ఎలా చెప్పను? వీధంతా చల్లని చెయ్యి చల్లని చెయ్యి అంటుంటే, నువ్వు ఆసుపత్రినే కాదని నా చెయ్యి నమ్ముకుంటే, నా నోరు రాలేదు. రేపు చెబుదాం, ఎల్లుండి చెబుదాం అనుకున్నాను. గొప్ప అనేది పాడు జబ్బు తల్లీ."

కోడలు తలుపు అంచు పట్టుకుని నిలబడింది. ఆమె బుర్రలో ఇంకో సంగతి మెల్లగా తలెత్తుతోంది. "పది రోజుల కింద నా కడుపు పట్టి చూసి, తల కిందికే ఉంది, చక్కగా ఉంది అన్నారు."

మంత్రసాని కొంగు మొహానికి అడ్డం పెట్టుకుంది.

"కదలిక ఎక్కడ తెలుస్తోంది నీకు?" అంది పెద్ద సిస్టర్ గబుక్కున.

"కింద. తన్నుతున్నట్టు. ఇక్కడ, పక్కటెముకల కింద, ఏదో గట్టిగా ఒత్తుకుంటోంది. అత్తయ్య తల కిందికే ఉంది అన్నారు కదా, అందుకని కిందవి గుప్పిళ్ళేమో అనుకున్నాను. పైనది పిరుదులేమో అనుకున్నాను."

చూశారా ఆమె చేసిన పొరపాటు. పది రోజులుగా ఆమె ఒళ్ళు ఆమెకి నిజమే చెబుతోంది. కానీ ఆ ఇంట్లో ఒంటి మాట కన్నా చేతి మాట పెద్దది. ఎవరి మాటా విననిది, తన కడుపు మాట కూడా వినలేదు.

"చూడనా?" అంది పెద్ద సిస్టర్.

కోడలు వెనకగదిలో మంచం మీద పడుకుంది. ఆవిడ రెండు అరచేతులూ రుద్దుకుని వెచ్చబెట్టుకుని కడుపు మీద వేసింది. పట్టుమని పది సెకన్లు పట్టలేదు.

"తల పైన ఉంది. ఎదురుకాళ్ళు. ఇది ఇంట్లో అయ్యే కాన్పు కాదు. నా చేతిలో కూడా కాదు, డాక్టరమ్మ కావాలి. బహుశా కోత పడాలి. పద, ఇవాళే వచ్చి చేరు."

గుమ్మంలో వడ్రంగి అప్పుడే చెప్పులు వెతుక్కుంటున్నాడు. కోడలు లేచి కూర్చుంది, కానీ మంచం దిగలేదు.

"వస్తాను," అంది. "నా బిడ్డని పంతానికి బలిపెట్టేంత వెర్రిదాన్ని కాదు. కానీ నేను ఇందాక చెప్పింది అబద్ధం అయిపోలేదు సిస్టరమ్మా. అత్తయ్య వేళ్ళు మొద్దుబారితే మీ కాన్పు గది మంచిదైపోదు. నేను వస్తాను, మా అత్తయ్య నా తల దగ్గర నిలబడుతుంది."

"లోపలికి ఎవరినీ రానివ్వం. నీకు తెలుసు. అది రూలు."

"ఆ రూలు ఎక్కడ రాసుంది?"

"ఎక్కడో ఏమిటి, రూలంటే రూలే."

"ఆరేళ్ళుగా ఆ గోడల మధ్య ఉన్నాను. చేతులు కడుక్కోండి అని రాసుంది. నిశ్శబ్దం అని రాసుంది. ఉమ్మివేయరాదు అని రాసుంది. కన్నతల్లో అత్తో పక్కన ఉండకూడదని ఏ గోడ మీదా లేదు. మీరందరూ నోటితో అని అని రూలు చేశారు."

"చోటు లేదు కాబట్టి అన్నాం. పదకొండు మంది ఉంటే పదకొండు మంది అత్తలు ఎక్కడ నిలబడతారు? నా నెత్తి మీదా?"

"నిలబెట్టి చూడండి. నీళ్ళు వాళ్ళు పడతారు. చెయ్యి వాళ్ళు పట్టుకుంటారు. ఇద్దరున్నాం ఇద్దరున్నాం అంటారు కదా, పదమూడు మంది అవుతారు. ఇంకోటి. నా ఒంటి మీద చెయ్యి వేసేముందు ఎవరైనా సరే నాతో చెప్పాలి. ఏం చేస్తున్నారో, ఎందుకో. నేను పళ్ళెంలో పెట్టి పంపే పనిముట్టుని కాను."

"నీకొక్కదానికి ఒప్పుకుంటే రేపు అందరూ అడుగుతారు."

"అడగనివ్వండి," అంది కోడలు. "అందరూ అడగాలనే కదా నేను అడుగుతున్నది."

"అదీ మాట," అంది గోడపిన్ని గోడ అవతలి నుంచి. ఆవిడకి నలుగురు పిల్లలు. నలుగురినీ ఆ గదిలోనే కన్నది.

పెద్ద సిస్టర్ సంచి భుజాన వేసుకుంది. "అక్కడికి వెళ్ళాక మాట్లాడదాం."

"ఇక్కడే. మీరు సరే అనే దాకా ఈ మంచం దిగను."

"ఎంత మొండిదానివి నువ్వు," అంటూ పెద్ద సిస్టర్ రెక్క పట్టుకోబోయింది. కోడలు ఆ చెయ్యి విదిలించుకునే ఊపులో, తెలియకుండానే మంచం దిగి నిలబడింది. అంతే. కాళ్ళ వెంట వెచ్చగా నీళ్ళు జారి నేల మీద మడుగు కట్టాయి.

ఉమ్మనీరు పోవడం ఆ ఇంట్లో ఎవరికీ కొత్త కాదు. అయినా నలుగురూ ఒక క్షణం ఆ మడుగునే చూస్తూ ఉండిపోయారు.

"పడుకో," అంది పెద్ద సిస్టర్. సంచిలోంచి చేతొడుగులు తీసి తొడుక్కుంది. కోడలు పడుకుంది, కానీ మోకాళ్ళు దగ్గరికి బిగించేసింది.

"ముందు చెప్పండి."

పెద్ద సిస్టర్ ఆమె కళ్ళలోకి చూసింది. ఇన్నేళ్ళ ఉద్యోగంలో ఆవిడ ఆ మాటలు ఎవరితోనూ అన్నది కాదు. అవి నోట్లో కొత్తగా కట్టించుకున్న పళ్ళలా అడ్డుపడ్డాయి.

"లోపల చెయ్యి పెట్టి చూడాలి. నీళ్ళు పోయాయి కాబట్టి. బిడ్డ ఎదురుగా ఉంది కాబట్టి. కాళ్ళ సందులోంచి బొడ్డుతాడు ముందుకి జారే ప్రమాదం ఉంది. కొంచెం నొప్పిగా ఉంటుంది. చూడనా?"

"చూడండి," అని మోకాళ్ళు వదిలింది కోడలు.

ఆవిడ చూసింది. చూస్తూనే ఆవిడ మొహం మారిపోయింది, చెయ్యి మాత్రం ఉన్నచోటే ఆగిపోయింది.

"ఏమిటి?" అంది కోడలు. "చెప్తానన్నారు."

"చెప్తున్నాను. బొడ్డుతాడు బిడ్డ కన్నా ముందు కిందికి వచ్చింది. తాడులో నాడి కొట్టుకుంటోంది, బిడ్డ బాగుంది. కానీ బిడ్డ బరువు దాని మీద పడితే నొక్కుకుపోతుంది, రక్తం ఆగిపోతుంది. అందుకని బిడ్డని నేను పైకి ఎత్తి పట్టుకున్నాను. ఈ చెయ్యి ఇక ఆపరేషన్ బల్ల దాకా తియ్యకూడదు. ఇప్పుడు నువ్వు బోర్లా తిరగాలి. మోకాళ్ళ మీద. మొహం కిందికి, నడుం పైకి. మెల్లగా. నేను నీతో పాటే తిరుగుతాను."

కోడలు తిరిగింది. ఏడవలేదు. ఆసుపత్రికి ఫోన్ చేస్తే బండి ఇంకో ఊరి దారిలో ఉందన్నారు. డాక్టరమ్మని, ఆపరేషన్ గదిని సిద్ధంగా ఉంచమని పెద్ద సిస్టర్ అరిచి చెప్పింది. ఫోన్ పట్టుకున్నది వడ్రంగి. అతను ఫోన్ పెట్టేసి, ముందుగదిలోకి పరిగెత్తి, బల్లల మీది కొత్త తలుపుని రెండు చేతులా ఎత్తుకొచ్చాడు. కోడలిని పరుపుతో సహా దాని మీదికి జరిపారు. గోడపిన్ని మొగుడూ, ఎదురింటి ఇద్దరూ వచ్చి తలో కొస పట్టారు. తలుపు గుమ్మంలోంచి బయటికి వెళ్ళింది.

మిట్టమధ్యాహ్నం వీధి నిండా మనుషులు. మోకాళ్ళ మీద బోర్లా ఒక నిండు చూలాలు, వెనక వంగి నడుస్తున్న పెద్ద సిస్టర్. వడ్రంగి చెక్కలు మోసే చిన్న వ్యాను దాకా ఇరవై అడుగులు. మంత్రసాని దుప్పటి కప్పి, వీధి మధ్యలో నిలబడి, రెండు చేతులూ చాచింది.

"ఏం చూస్తున్నారు? మీరందరూ ఆకాశంలోంచి ఊడిపడ్డారా? సగం మందిని నేనే పట్టాను, ఏ దారిన వచ్చారో నాకు తెలుసు. తల తిప్పుకోండి."

అందరూ తిప్పుకున్నారు. పిన్ని ఒక్కతే తిప్పుకోలేదు, కానీ ఆవిడ కళ్ళు మూసుకుంది.

వ్యాను కదిలింది. మంత్రసాని ఎవరినీ అడక్కుండా ఎక్కి, కోడలి తల తన ఒళ్ళోకి తీసుకుంది. పెద్ద సిస్టర్ వద్దనలేదు. వడ్రంగి ఆ రోజు బండి నడిపినంత మెత్తగా జీవితంలో ఎప్పుడూ నడపలేదు. గుంట కనిపిస్తే "గుంట" అని ముందే చెప్పేవాడు. వెనక ముగ్గురూ ఊపిరి బిగించేవాళ్ళు.

"నాడి ఉంది," అంటూ ఉంది పెద్ద సిస్టర్, అడక్కుండానే, మాటిమాటికీ. "ఉంది. ఉంది. బాగుంది."

సగం దారి దాటారు. అప్పుడు ఆవిడ మాట ఆగింది.

"ఏమైంది?" అంది కోడలు పరుపులోంచి.

"చెప్తానన్నాను కాబట్టి చెప్తున్నాను. నా చెయ్యి తిమ్మిరెక్కింది. భుజం దగ్గర్నుంచి పట్టు పోతోంది. ఇందాక గుంటలో కొంచెం జారింది. నాడి ఒక్క క్షణం మందగించి మళ్ళీ వచ్చింది." ఆవిడ నుదుటి చెమట కళ్ళలోకి కారుతోంది, తుడుచుకోవడానికి లేదు. "పెద్దమ్మా, సంచిలో ఇంకో జత చేతొడుగులు ఉన్నాయి. మీరు పట్టుకోవాలి."

"నేనా?" అంది మంత్రసాని. "ఇందాక చూశావుగా తల్లీ. నా వేళ్ళు గుడ్డివి. తాడు నా వేలి కింద నలిగినా నాకు తెలియదు."

"బలం ఉందిగా. బిడ్డని పైకి ఎత్తి ఉంచాలి, అంతే."

"ఎత్తుతాను. ఎత్తుతూ చంపేస్తే? నా మనవడి నాడి నా చేతి కింద ఆగిపోయినా నేను ఊరికే పట్టుకుని కూర్చుంటాను. వద్దు. నువ్వే ఓర్చుకో."

"ఓర్పు కాదమ్మా, చెయ్యి మాట వినడం లేదు."

"ఇద్దరూ ఆగండి," అంది కోడలు.

ఆమె మొహం పరుపులో ఉంది. మాట ముద్దగా వచ్చింది, కానీ స్పష్టంగానే వచ్చింది. "కడుపు నాది. ఎవరి చెయ్యో మీలో మీరు తేల్చుకోవద్దు. నన్నడగండి."

పెద్ద సిస్టర్ అడిగింది. "చెప్పమ్మా. ఎవరి చెయ్యి?"

"ఎంత దూరం ఉంది?" అని కోడలు ముందు మొగుణ్ణి అడిగింది.

"వంతెన దాటాలి. ఇంకో పావుగంట."

"అయితే అత్తయ్యది. జారిపోయే చెయ్యి కన్నా తెలియని చెయ్యి మేలు. బిడ్డ కదలిక నాకు తెలుస్తుంది. పది రోజులు తెలిసీ ఊరుకున్నాను, ఇక ఊరుకోను. కదలిక తేడాగా ఉంటే నేను చెప్తాను, అప్పుడు అత్తయ్య వేళ్ళు పక్కకి జరపాలి. నేను ఎటంటే అటు. ఇంకెవరి మాటా వద్దు."

మంత్రసాని చేతొడుగు తొడుక్కుంది. రెండుసార్లు వేళ్ళు తప్పుదారిన పోయాయి. కోడలి తల పరుపు మీదికి జార్చి, తలుపు పక్కనుంచి పాక్కుంటూ వెనక్కి వెళ్ళింది.

"నా చేతి పక్కనుంచే రండి," అంది పెద్ద సిస్టర్. "మూడు అన్నప్పుడు నేను తీస్తాను, మీరు ఎత్తాలి. మధ్యలో సందు ఉండకూడదు. బండి ఆపవద్దు అబ్బాయ్, మెల్లగా పోనివ్వు."

వ్యాను వంతెన ఎక్కింది. చక్రాల కింద చప్పుడు మారింది.

"ఒకటి," అంది పెద్ద సిస్టర్. "రెండు."

కోడలు తలుపు అంచులు రెండు చేతులా పట్టుకుంది.

"మూడు."

చేతులు మారాయి. కోడలు కళ్ళు మూసుకుని, ఊపిరి బిగబట్టి, తన లోపలికి చెవి పెట్టింది.

"ఏమ్మా," అంది అత్త వెనక నుంచి, గొంతు చాలా చిన్నది చేసుకుని. "కదిలిందా?"

కోడలు ఒక చెయ్యి ఎత్తి ఆగమంది. ఇంకా వింటోంది. వచ్చే వారం దాకా ఆమెని అలాగే విననిద్దాం.